నల్లమలలో గదులు కట్టేముందు

ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి, అటవీ పర్యావరణ శాఖ మంత్రి శ్రీ పవన్ కల్యాణ్ గారికి,



2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు మీరు గట్టిగా వద్దన్నారు. అప్పటికి మీ చేతిలో ఏ శాఖా లేదు. ఇప్పుడు ఆ అడవిలో ఆంధ్రప్రదేశ్ భాగం మీ శాఖ కిందే ఉంది. ఫలానా ప్రాజెక్టు ఆపమని ఈ ఉత్తరం రాయడం లేదు. పునాదులు పడ్డాక రాసే ఉత్తరాలు కోర్టు కట్టల్లో చేరడానికే పనికొస్తాయి కాబట్టి ముందే రాస్తున్నాను.

2024-29 పర్యాటక విధానంతో రాష్ట్రంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా వచ్చింది. మంచిదే. కానీ పరిశ్రమ అన్నాక స్థలం అడుగుతుంది, ఈ పరిశ్రమైతే అందమైన స్థలమే అడుగుతుంది. హైదరాబాద్, బెంగళూరుల్లోని మనవాళ్లు సెలవు దొరికితే కర్ణాటకలోని కబినికో, మహారాష్ట్రలోని తాడోబాకో వెళ్లి వేలకు వేలు పోసి వస్తున్నారు, ఆ డబ్బు మన అడవిలోనే ఖర్చయితే తప్పేముంది అని అడిగేవాళ్లు మీ దగ్గరకు తప్పకుండా వస్తారు. వాళ్ల చేతిలో రంగుల బొమ్మలుంటాయి. చెట్ల మధ్య గాజు గోడల గది, చెక్క అరుగు, అరుగు ముందు నీలంగా మెరిసే ఈతకొలను, పైన ‘ఎకో లాడ్జ్’ అన్న పేరు.

ఆ కొలను దగ్గరే మొదలుపెడతాను. నల్లమల ఆకురాల్చే ఎండు అడవి. ఎండాకాలం వచ్చేసరికి చాలా వాగులు ఇసుకే మిగులుస్తాయి. అప్పుడు మీ సిబ్బందే ట్యాంకర్లతో నీళ్లు తోలి సాసర్‌పిట్లు నింపుతారు, అక్కడక్కడ సోలార్ బోర్లతో తోడి పోస్తారు. దుప్పులు, కణుజులు, వాటి వెనక పులి, అన్నీ ఆ గుంటల దగ్గరకు వచ్చేది ఆ నెలల్లోనే. అందుకే జంతువులు బాగా కనపడేదీ, గదులకు గిరాకీ ఉండేదీ సరిగ్గా అప్పుడే. అంటే అడవి దాహంతో ఉన్న రోజుల్లోనే దాని కింది నీళ్లు పక్కదుప్పట్లు ఉతకడానికి, లాను తడపడానికి, టబ్బులు నింపడానికి పోతాయి. పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టి, ప్లాస్టిక్ సీసా బదులు గాజు సీసా ఇచ్చినంత మాత్రాన ఈ లెక్క మారదు.

విలాసవంతమైన బసల తరఫున ఒక బలమైన వాదన ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. వంద మంది వెయ్యేసి రూపాయలిచ్చి అడవిని తొక్కేకన్నా ఇద్దరు ముగ్గురు అంత డబ్బూ ఇచ్చి నిశ్శబ్దంగా ఉండి వెళ్తే మేలు కదా అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ రేటు పెరిగేకొద్దీ పులి కనపడి తీరాలన్న పట్టు కూడా పెరుగుతుంది. కబిని వెనుక జలాల్లో ఎండాకాలం గడ్డి మైదానాలు తేలతాయి, ఏనుగుల మందలు బయటికొస్తాయి. నల్లమల అలాంటిది కాదు. గుట్టలు, లోయలు, గుబురు. రెండు పూటలా జీపులో తిరిగినా పాదముద్రలు చూసి రావడమే ఎక్కువమందికి దక్కేది. మామూలు సందర్శకుడు దానికే సంతోషిస్తాడు. పెద్ద మొత్తం కట్టినవాడు సంతోషించడు. అక్కణ్ణుంచి ఇంకో దారి తెరవండి, ఇంకో గంట ఇవ్వండి, గదికి కనపడేలా ఓ నీటికుంట తవ్వండి అన్న ఒత్తిడి మొదలవుతుంది. పైగా వానాకాలంలో సఫారీలు మూసేస్తారు. ఆ నెలల్లో బ్యాంకు వడ్డీ మాత్రం ఆగదు. అప్పు చేసి కట్టినవాడు ఆ గేటు తెరిపించడానికి ఎవరి దగ్గరకు వస్తాడో మీకు చెప్పక్కర్లేదు.

2025 మేలో మీరు కర్ణాటక నుంచి కుంకీ (శిక్షణ పొందిన) ఏనుగులు తెచ్చుకున్నారు. వాటితోపాటు అక్కడి అనుభవం కూడా తెచ్చుకోవలసింది. 1990లలో ఆ ప్రభుత్వం నాగరహొళె అడవి లోపల మూర్కల్ దగ్గరి చోటును తాజ్ గ్రూపుకు లీజుకిచ్చింది. జేనుకురుబలు, తోటి ఆదివాసులు ఎదురు తిరిగారు. జంతువులకు అడ్డమని మమ్మల్ని బయటికి పంపుతున్నారు, మరి హోటలు అడ్డం కాదా అన్నదే వాళ్ల ప్రశ్న. 1997లో హైకోర్టు ఆ లీజు చెల్లదంది. లోపల అలా ఆగింది కానీ బయట, కబిని ఒడ్డున, రిసార్టులు వరుస కట్టాయి. చివరికి 2025 నవంబరులో ఏమైంది? అడవి అంచు ఊళ్లలో పులి దాడుల్లో మనుషులు చనిపోతుంటే, సఫారీలే జంతువులను చెదరగొడుతున్నాయని రైతులు రోడ్డెక్కారు. బండీపుర, నాగరహొళెల్లో ప్రభుత్వం సఫారీలు ఆపేయాల్సి వచ్చింది. రైతుల ఆరోపణ ఎంతవరకు నిజమో శాస్త్రవేత్తలు తేల్చాలి. అయితే పులిని చూసి మురిసేవాడు ఒకడూ, పులికి భయపడి పొలానికి పోనివాడు ఇంకొకడూ అయినప్పుడు ఊరు ఏ పక్షాన నిలబడుతుందో తేల్చడానికి పరిశోధన అవసరం లేదు.

ఇక నల్లమల ఆదివాసులైన చెంచుల సంగతి. పులుల అభయారణ్యం నడిబొడ్డు నుంచి స్వచ్ఛందంగా తరలే కుటుంబానికి కేంద్రం ఇచ్చే ప్యాకేజీ 2021 నుంచి పదిహేను లక్షల రూపాయలు. రాజస్థాన్‌లోని రణథంబోర్ దగ్గర రాత్రికి లక్ష దాటే గుడారాలున్నాయి. అలాంటి ఒక్క గుడారం పదిహేను రాత్రుల అద్దె, తరతరాలుగా అడవిలో బతికిన ఒక ఇంటిని లేపడానికి మనం కట్టిన ధర. ఖాళీ చేయించిన చోట పర్యాటక కట్టడాలు పెట్టకూడదని జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2012 మార్గదర్శకాలు ఎందుకన్నాయో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

మరి ఎవరూ రాకూడదా అంటే, రావాలి. నల్లమలకు అతిథులు కొత్త కాదు. శివరాత్రికి, ఉగాదికి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా వేలమంది శ్రీశైలానికి కాలినడకన పోతారు, చెట్ల కిందే పడుకుంటారు. (వాళ్లు వెళ్లాక దారి పొడవునా మిగిలే చెత్త చూస్తే, పేదవాడి ప్రయాణమంతా పచ్చనిదేనని నేను కూడా అనలేను.) బైర్లూటిలో, పచ్చర్లలో మీ శాఖ క్యాంపులు ఇప్పటికే ఉన్నాయి. కొన్ని కాటేజీలు, గుడారాలు, జీపు సఫారీ, వంటకు, దారి చూపడానికి స్థానికులు. హంగులేమీ లేవు. నా దృష్టిలో అదే వాటి బలం. నష్టం వచ్చిన రోజున కూడా అడవి జోలికి పోవలసిన అవసరం వాటికి లేదు. కేరళలో పెరియార్ దగ్గర ఒకప్పుడు అడవిలో దొంగతనంగా దాల్చినచెక్క బెరడు ఒలుచుకున్నవాళ్లే కమిటీగా ఏర్పడి, 1990ల చివరి నుంచి సందర్శకులను నడిపిస్తున్నారు, అడవిని కాపలా కాస్తున్నారు. మన చెంచులు ఆ పని చాలాకాలంగా బేస్‌క్యాంపుల్లో ప్రొటెక్షన్ వాచర్లుగా చేస్తూనే ఉన్నారు. అయితే అడవిని కాపాడే పనిలో దినకూలీలుగా, అడవిని చూపించే వ్యాపారంలో వెయిటర్లుగా మాత్రమే వాళ్లు ఉండిపోకూడదు.

ఇక్కడ మీ సంతకానికి ఉన్న విలువ మామూలుది కాదు. అటవీ సంరక్షణ చట్టానికి 2023లో వచ్చిన సవరణ తర్వాత, పులుల సంరక్షణ ప్రణాళికలో చేర్చిన పర్యావరణ పర్యాటక వసతులు అటవీయేతర వినియోగం కిందికి రావు. అంటే ఒక లాడ్జి అడవికి పరాయిదా కాదా అన్నది ఆ ప్రణాళికలో ఒక అధ్యాయం తేలుస్తుంది. ఆ ప్రణాళిక రాసేది రాష్ట్ర ప్రభుత్వమే. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం గురించి రాసే ఆ నాలుగు పేజీలు, నా మటుకు ఏ జీవో కన్నా పెద్దవి.

అడిగేది ఎక్కువేం లేదు. ఆ అధ్యాయంలో కోర్ ప్రాంతం లోపల, అలాగే లంకమల, శేషాచలం వైపు పులి నడిచే దారిలో, కొత్త బసలకు చోటు లేదని రాయించండి. లోపల ఉన్న క్యాంపులను స్థానిక కమిటీల చేతుల్లోనే ఉంచండి, వాటి రాబడి, ఖర్చు ప్రతి నెలా గూడెంలో బోర్డు మీద రాసి పెట్టించండి. అడవి బయట పట్టా భూమిలో ఎవరైనా ఖరీదైన బస కట్టుకుంటే కట్టుకోనివ్వండి. కానీ బోరుకు మీటరు, రాత్రి దీపాలకు హద్దు, 2012 మార్గదర్శకాలు చెప్పిన సంరక్షణ రుసుము, ఈ మూడూ లేకుండా అనుమతి ఇవ్వకండి. ప్రణాళిక ముసాయిదాను తెలుగులో అచ్చువేయించి బైర్లూటి, నెక్కంటి, రోళ్లపెంట లాంటి గూడేల గ్రామసభల్లో చదివించండి. అక్కడ లేచే ప్రశ్నలకు జవాబులు రాసి, వాటితో కలిపి ఢిల్లీకి పంపించండి.

ఇట్లు,
ఆత్మకూరు వైపు నుంచి, నల్లమల అంచున ఉండే ఒక ఓటరు