ఆలోచనలో న్యాయబుద్ధి

చదువు మనిషికి ఆలోచించే శక్తినిస్తుంది. ఆ శక్తిని అతడు దేనికి వినియోగిస్తాడన్నది వేరే ప్రశ్న. తెలివిగా వాదించినంత మాత్రాన సరిగా ఆలోచించినట్లు కాదు. తన లాభానికి కావలసిన కారణాలను వెదుక్కోవడం ఒక రకమైన ఆలోచన. తననూ ఎదుటివారినీ ఒకే కొలతతో కొలవడం మరొక రకం. మొదటిది స్వార్థచింతన, రెండవది న్యాయచింతన. పిల్లలకు మనం ఏది నేర్పుతున్నాం?

మన జిల్లాలోని ఒక విషయమే చూద్దాం. రాయచూరు నుండి హైదరాబాదు వెళ్లే దారిలో యరమరస్ వస్తుంది. అక్కడి బొగ్గు విద్యుత్కేంద్రంలో ఒక్కొక్కటి 800 మెగావాట్ల సామర్థ్యం గల రెండు యూనిట్లు 2017లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించాయి. అదే దారిలో ఉన్న శక్తినగర్ కేంద్రంలో మొదటి యూనిట్టు 1985లోనే పనిచేయసాగింది. ఇక్కడ పుట్టిన విద్యుత్తు తీగల మీదుగా దూరపు నగరాలకు కూడా చేరుతుంది. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. 100 టన్నుల బొగ్గు కాలిస్తే సుమారు 30 నుండి 40 టన్నుల బూడిద మిగులుతుంది. అందులో కొంత సిమెంటుకు, ఇటుకలకు పనికి వస్తుంది. కాని బూడిద బాధ మొదట తగిలేది చుట్టుపక్కల ఊళ్లకే. వెలుగు అందరికీ, బూడిద కొందరికీ అన్నమాట!

నగరంలో ఉన్నవాడు, “అభివృద్ధి కోసం ఎవరో ఒకరు త్యాగం చేయాలి” అంటాడు. ఆ ఎవరో తాను కాకూడదన్న మాట మాత్రం పైకి అనడు. పక్క ఊరివాడు, “అసలీ కేంద్రమే వద్దు” అంటాడు. పొలంలో మోటారు ఆగితే విద్యుత్తు ఎందుకు రాలేదని అతడే నిలదీస్తాడు. కేంద్రంలో ఉద్యోగం దొరికినవాడికి పొగ కనిపించదు. ప్రతి మాటలోనూ కొంత నిజముంది. కాని ప్రతివాడూ తనకు పనికివచ్చే నిజాన్నే ఏరుకుంటున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే ఇదే కదా! న్యాయంగా ఆలోచించేవాడు ఇలా ప్రశ్నించుకుంటాడు: ఈ బూడిద నా పెరట్లో పడితే ఏమనేవాణ్ణి? విద్యుత్తు ఆగితే ఎవరి పని ఆగుతుంది? లాభం పొందినవాడు నష్టపోయినవాడికి ఏమి బాకీ పడ్డాడు?

తన విషయంలోనే కాదు, తనవారి విషయంలోనూ ఇలా ఆలోచించడం కష్టం. తుంగభద్ర ఎడమ కాలువ మునీరాబాదు దగ్గర మొదలై గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతాల మీదుగా రాయచూరు వైపు వస్తుంది. జొన్న, పత్తి వంటి తక్కువ నీటి పంటలకు ఎక్కువ భూమిని, వరికి కొద్ది భూమిని ఉద్దేశించి ఈ కాలువను రూపొందించారు. కోస్తా ఆంధ్ర నుండి వచ్చిన తెలుగు రైతులు కాలువ కింద క్యాంపులు కట్టుకుని స్థిరపడ్డారు. భూమి చదును చేసి వరి పండించారు. స్థానిక రైతులూ అదే దారి పట్టారు. ఎగువన వరి పెరిగినకొద్దీ చివరి భూములకు నీరు తగ్గింది. పూడిక వల్ల జలాశయమూ చిన్నదైంది. మొదట్లో సుమారు 133 టి.ఎం.సి.ల నీరు పట్టేది, ఇప్పుడు సుమారు 105 మాత్రమే పడుతుంది.

“మనవాళ్లు చెమటోడ్చి పండించారు” అని మనం ఊరుకుంటే అది సగం మాట. చివరి రైతుదీ చెమటే, అతని పొలానికీ ఆ నీటిలో వాటా ఉంది. “ఎగువవాళ్లంతా నీటి దొంగలు” అనడమూ సగం మాటే. చుట్టూ వరిమళ్లు ఉంటే ఊటనీటికి నడుమనున్న చేలో జొన్న, పత్తి నిలవవు. అక్కడి రైతు ఒక్కడే పంట మార్చుకోవడం సులభం కాదు. ఈ రెండు మాటలూ తెలిసినవాడే పరిష్కారం గురించి మాట్లాడగలడు. అలాగని న్యాయబుద్ధి అంటే తప్పును చెరిసగం పంచి చేతులు దులుపుకోవడం కాదు. వాటాకు మించి నీరు వాడుకోవడం అన్యాయమే. ఆ పని చేసింది మనవాళ్లయినా ఆ మాట అనగలగాలి.

ఈ భేదం మన పెద్దలకు తెలియనిది కాదు. సత్యం తెలుసుకోవడానికి చేసేది వాదమనీ, గెలుపు కోసం చేసేది జల్పమనీ, తన పక్షమేదో చెప్పకుండా ఎదుటివాడిని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండమనీ న్యాయశాస్త్రం విభజించింది. శాస్త్రగ్రంథాల్లో ముందు ఎదుటివారి వాదాన్ని పూర్వపక్షంగా నిలిపి, ఆ తరువాతే సిద్ధాంతం చెప్పడం సంప్రదాయం. మన కాలంలో అమెరికా తత్త్వవేత్త రిచర్డ్ పాల్ కూడా, తన పక్షాన్ని కాపాడుకోవడానికే తర్కాన్ని వాడే ఆలోచన బలహీనమైనదనీ, తన పక్షాన్నీ పరీక్షకు నిలిపేదే బలమైనదనీ వివరించారు.

మరి మన పాఠశాలల్లో జరిగే చర్చాపోటీల మాటేమిటి? ఎక్కువగా జల్పంలో నేర్పరికే బహుమతి! ఈ పద్ధతి మారాలి. ప్రతి విద్యార్థి ముందుగా ఎదుటి పక్షం వాదాన్ని, “అవును, నేను చెప్పింది అదే” అని వారు ఒప్పుకునేలా చెప్పాలి. తరువాతే తన మాట మొదలుపెట్టాలి. సగం కాలం గడిచాక పక్షాలు మార్చుకోవాలి. కారణం చూపి అభిప్రాయం మార్చుకున్నవాణ్ణి ఓడినవాడుగా లెక్కించకూడదు.

ఇలా పెరిగిన పిల్లలు లోకంలో నెగ్గుకు రాలేరని కొందరి భయం. నిజానికి ఒక పక్షమే తెలిసినవాణ్ణి పొగిడి లొంగదీసుకోవడం తేలిక. అందరూ ఎవరి మాట వారే మాట్లాడే ఊరిలో చివరకు బలవంతుడి మాటే చెల్లుతుంది.

విద్యార్థులారా! ఎదుటివాడి వాదంలో తప్పు వెదకడానికి చూపే పట్టుదలను మీ వాదం మీదా చూపండి. అప్పుడే మీ చదువు మీకూ, మీ పక్కవారికీ ఉపయోగపడుతుంది.