చచ్చింది బ్యాటరీ మొత్తం కాదు, ఒక్క సెల్లే!

కార్డ్‌లెస్ డ్రిల్ ఉన్న ఎవర్ని అడిగినా ఒకటే మాట: "మిషన్ బాగానే ఉంది, బ్యాటరీయే ఆగట్లేదు." కొత్త ప్యాక్ రేటు వింటే కళ్లు తిరుగుతాయి. ఇక యూట్యూబ్ వైద్యం మొదలు!

నేనైతే ముందు మల్టీమీటర్ తీస్తా. 18 వోల్టుల లిథియం ప్యాక్‌లో ఐదు సెల్స్ వరసగా ఉంటాయి. ఫుల్ చార్జ్‌కి ఒక్కోటి 4.2 వోల్టుల దాకా రావాలి. మా కాలనీ కార్పెంటర్ అన్న తెచ్చిన ప్యాక్‌లో నాలుగు 4.1 దగ్గరున్నాయి, ఐదోది 3.4. అది ముందే ఖాళీ అయిపోతుంది, దాంతో ప్యాక్ మొత్తం ఆగిపోతుంది. ఆయనకేమో రెండు రోజుల్లో తలుపులు బిగించే పని ఉంది.

"ఆ ఒక్కటి మార్చెయ్ తమ్ముడూ" అన్నాడు. అది కుదరదు. కొత్త సెల్ పక్కన అరిగిన నాలుగుంటే మళ్లీ ఇదే కథ. ఐదూ మార్చాల్సిందే.

ఇక్కడే మోసాలు. 18650 సైజు సెల్ మీద '9900 ఎంఏహెచ్' అని ఉంటే నవ్వేసి పక్కన పెట్టండి. ఆ సైజులో అంత పట్టదు. డ్రిల్‌కి 2000, 2500 చాలు, కానీ 20 ఆంపియర్ల కరెంట్ ఇవ్వగలగాలి. పాత ల్యాప్‌టాప్ సెల్స్ ఈ బరువు మోయలేవు. కలపడం స్పాట్ వెల్డింగ్‌తోనే. సెల్ మీద సోల్డరింగ్ ఐరన్ పెడితే ఆ వేడికి లోపల దెబ్బతింటుంది. వెల్డర్ లేకపోతే ప్యాక్‌లు కట్టే షాపుకి ఇచ్చెయ్యండి.

ఇంకో బ్యాటరీ వైర్లు తగిలించి 'లేపే' వీడియోలు చూసే ఉంటారు. అది నికెల్ కాడ్మియం రోజుల చిట్కా. వాటి లోపల పెరిగే సన్నటి లోహపు ముళ్లు ఆ దెబ్బకి కాలిపోయి, కొన్నాళ్లు పనిచేసేవి. లిథియంకి ఆ వైద్యం చేస్తే ఇల్లు తగలబడొచ్చు. 2 వోల్టుల కిందికి పడి నెలల తరబడి ఉన్న సెల్‌లో రాగి కరిగిపోతుంది. చార్జ్ పెడితే అది లోపల పేరుకుని షార్ట్ అవుతుంది. చార్జర్ ఎర్ర లైటు ఆర్పుతూ వెలిగిస్తూ వద్దంటోందంటే ఊరికే కాదు. ఉబ్బినవి, కారినవి అసలు విప్పొద్దు.

అన్న ప్యాక్‌కి ఐదూ కొత్తవే వేయించాం. తలుపుల పని టైమ్‌కే అయింది. పాత ఐదింటి కొనలకి టేప్ చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేశా. చెత్తబుట్టలో మాత్రం వెయ్యకండి, చెత్త బండిలో నలిగితే అక్కడే అంటుకుంటాయి.