వావిలికి పరీక్ష కావలయును

ఆంధ్రదేశమున వావిలి నెఱుగని పల్లె యరుదు. ఏటియొడ్డులను, చేలగట్లను తనంతట మొలచి, నీలిపూల గుత్తులతో నిలుచు నీ పొదను పశువులు మేయవు గనుక రైతులు కంచెగా వేసికొందురు. బాలెంతకు వావిలాకు వేసి కాచిన నీటితో స్నానము చేయించుట, వాతపు నొప్పులకు ఆకు వెచ్చజేసి కట్టుట మన యిండ్లలో తరతరముల యాచారము. సంస్కృత వైద్యగ్రంథములు దీనినే నిర్గుండి యనియు, సింధువార మనియు పేర్కొన్నవి. ఇంతటి పరిచయముగల యీ మొక్క నొప్పిని నిజముగా తగ్గించునా, ఎంత తగ్గించును, ఎవరికి తగ్గించును అని యడిగినచో, నిశ్చితమైన సమాధానము నేటికిని దొరకదు. ఈ స్థితి మనకు గౌరవప్రదము కాదు.

ఇది పండితగోష్ఠికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. నాట్లు వేయు కూలిదాని నడుము, బస్తాలు మోయు హమాలీ మెడ, ముసలిరైతు మోకాళ్లు దీనికొఱకు కాచుకొనియున్నవి. వీరందఱు నేడు అంగడికి పోయి డైక్లోఫినాకు, ఐబూప్రోఫెను వంటి బిళ్లలు కొని, వైద్యుని యడుగకయే మ్రింగుచున్నారు. ఆ బిళ్లలు నొప్పిని తగ్గించుమాట నిజము. నెలల తరబడి వాడినచో కడుపులో పుండ్లు పుట్టించుటయు, మూత్రపిండములకు చేటు తెచ్చుటయు నంతే నిజము. శ్రీకాకుళము ప్రాంతపు ఉద్దానమున మూత్రపిండవ్యాధి విస్తారముగా వ్యాపించియున్నది. దాని మూలకారణము నిర్ధారితము కాలేదు. కారణ మేదైనను, చెడిన మూత్రపిండములు గలవానికి ఈ బిళ్లలు మఱింత కీడు చేయును. అట్టివాడు నొప్పితో వచ్చినప్పుడు వైద్యుని చేతనున్న మందులు కొలదియే. కావున మఱియొక మందు మన గట్టుమీదనే యున్నదేమో తెలిసికొనుట ధర్మము.

ఇంతవరకు పని జరుగకపోలేదు. 1999లో మన దేశపు ఔషధశాస్త్ర పత్రికయందును, 2003లో కొలంబో శాస్త్రజ్ఞుల వ్యాసమునందును వావిలాకుపై పరిశోధనములు వెలువడినవి. పద్ధతి యిది. సముద్రపు ఎఱ్ఱనాచునుండి తీసిన కారాజీనను పదార్థమును ఎలుక వెనుకకాలి పాదమునకు సూదితో ఎక్కింతురు. కొన్ని గంటలలో పాదము వాచును. ఆ పాదమును ద్రవమున ముంచి, తొలగిన ద్రవమును కొలిచి వాపును నిర్ణయింతురు. ఒక గుంపునకు వట్టినీరు, ఒక గుంపునకు పేరొందిన మందు, ఒక గుంపునకు ఆకు కషాయము పోసి పోల్చి చూతురు. నొప్పిని కనుగొనుటకు ఫార్మలిను ఎక్కించి, ఎలుక తన పాదము నెంతసేపు నాకికొనునో లెక్కింతురు. 1962లో వెలసిన ఆ వాపుపరీక్ష నేటికిని ప్రపంచమంతట వాడుకలో నున్నది. కొలంబోలో ఆకు కషాయము త్రాగిన యెలుకలకు వాపును తగ్గినది, నొప్పియు తగ్గినది. ప్రోస్టాగ్లాండినులను వాపుకారకములు శరీరమున పుట్టుటను ఆకు అడ్డగించుచుండవచ్చునని వారు సూచించిరి.

సంతోషింపదగిన ఫలితమే. కాని యింతటితో విజయధ్వజ మెత్తువారితో మేము ఏకీభవింపజాలము. ఎలుక కషాయమును త్రాగినది. మన బాలెంత ఆ నీటితో స్నానము చేయుచున్నది. త్రాగినదానికి కలిగిన గుణము స్నానమునకు సాక్ష్యము కాదు. స్నానానంతరము కలిగిన హాయి ఆకుదా, వేడినీటిదా? వేడినీటి కొక వర్గమును, ఆకువేసిన వేడినీటి కొక వర్గమును పెట్టి చూడనిదే తెలియదు. ఎలుక పాదము కొన్ని గంటలలో వాచి మానును. మనుష్యుని మోకాలు పది సంవత్సరములు నొచ్చును. అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. కొలంబోవారి సూచన సత్యమైనచో, ఆకు పనిచేయు మార్గమును అంగడిబిళ్ల పనిచేయు మార్గమును ఒకటే. మార్గ మొకటైనప్పుడు కడుపునకును, మూత్రపిండములకును అదే కీడు కలుగదని ముందే యెట్లు చెప్పగలము? ఆకు గనుక అపాయము లేదను మాట నమ్మకమే గాని ప్రమాణము కాదు.

మన ఋషులు చెప్పినదానికి పరీక్ష యేల యని కొందఱు కోపింతురు. పరీక్ష యనుమాట పరదేశమునుండి దిగుమతి యైనది కాదు. ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము, యుక్తి యని పరీక్ష నాలుగు విధములని చరకసంహితయే బోధించుచున్నది. మొదటిదానిని మాత్రము పట్టుకొని తక్కిన మూటిని విడుచుట చరకుని గౌరవించుట యెట్లగును? పల్లెటూరి ఆకులో ఏమున్నదని పరిహసించు నాగరికులకును మా ప్రశ్న అదియే: చూడకయే లేదనుట ఏ శాస్త్రము?

ఫిలిప్పీను దీవులవారు మన యీ వావిలినే లగుండి యని పిలుతురు. వారు దానిని దగ్గునకు మందుగా శోధించి, మనుష్యులపై పరీక్షించి, మోతాదు నిర్ణయించిరి. 1992లో వారి ఆరోగ్యశాఖ ప్రోత్సహించిన పది మూలికలలో నిది యొకటి. నేడచట బిళ్లగను, పానకముగను అమ్ముడుపోవుచున్నది. దగ్గునకు తేలినది నొప్పికి తేలినట్లు కాదు. కాని దారి యెట్టిదో తేలినది.

మన దేశమున ప్రాచీనగ్రంథములలో చెప్పబడిన మందునకు అనుమతి పొందుటకు మనుష్యపరీక్షను చట్టము కోరదు. కోరకున్నను చేయుట మన కర్తవ్యము. ఆయుర్వేద కళాశాలలును, వైద్యకళాశాలలును కలసి యీ పనికి పూనుకొనవలయునని మేము కోరుచున్నాము. మొదట, ఆకు ఏ జాతిదో వృక్షశాస్త్రజ్ఞులు నిర్ణయింపవలయును. దీనికి దగ్గఱిజాతి యొకటి అదే నిర్గుండి పేరిట చెల్లుచున్నది. పిమ్మట, మోకాటినొప్పి గలవారిని వారి సమ్మతితో చేర్చుకొని, ఎవరికి మందో యెవరికి ఉత్తబిళ్లయో రోగికిని వైద్యునికిని తెలియకుండ ఇచ్చి, మూత్రపిండముల స్థితిని పలుమాఱు పరీక్షించుచుండవలయును. ఆరంభమునకు ముందే దేశపు పరీక్షాపట్టికలో నమోదు చేసి, ఫలితము ప్రతికూలమైనను దాచక ప్రకటింపవలయును.

పాఠకులు చేయదగినదియు కలదు. మూలికాచూర్ణ మని సంతలో అమ్మెడి నొప్పిమందులలో స్టెరాయిడులు రహస్యముగా కలుపబడుట పలుమాఱు బయటపడినది. పేరును పొందికయు లేని పొట్లమును కొనకుడు. వావిలికంచెను కొట్టివేయకుడు. రేపు పరీక్షకు ఆకు కావలసినప్పుడు, అది మన గట్టుననే దొరకవలయును.