సి.ఆర్.డి.ఎ. భవనం: ఎత్తు సరే, గడప ఎవరికి?

అమరావతిలో రాయపూడి దగ్గర రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సి.ఆర్.డి.ఎ.) ప్రధాన కార్యాలయానికి సొంత భవనం వచ్చింది. 2025 అక్టోబరు 13న ముఖ్యమంత్రి చంద్రబాబు దాన్ని ప్రారంభించారు. నేల అంతస్తు మీద మరో ఏడంతస్తులు. ముఖభాగం మీద పెద్ద ఇంగ్లీషు 'ఏ' అక్షరం. మనవాళ్లు అమరావతిని 'అ'తో రాస్తారు. ఆ అక్షరం ఎవరి కళ్లకోసమో వేరే చెప్పనక్కరలేదు.

ఇదివరకు ఈ ఆఫీసు విజయవాడలో ఉండేది. పని పడితే కృష్ణ దాటి పోవాలి. ఒకరోజు కూలి, బస్సు చార్జీ దండగ. ఆఫీసు ఊళ్ల దగ్గరకు రావడం మంచిదే, కాదనం. అయితే ప్రజల భవనాన్ని అద్దాలతో కొలవకూడదు. లోపలికి ఎవరు పోగలరు, పోయినవాళ్లలో ఎవరి పని అవుతుంది - అదీ కొలత.

2015లో మొదలుపెట్టి 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా భూమి సమీకరించారు. జరీబు రైతుకు ఎకరాకు ఏడాదికి 50 వేలు, మెట్టకు 30 వేలు కౌలు అన్నారు; ఏటా పెంపు, పైగా ప్లాట్లు. భూమిలేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. అంటే ఇంటిల్లిపాదికీ రోజుకు 83 రూపాయలు! కౌలుకు పెంపు రాసిపెట్టారు గానీ, పింఛను మాత్రం ఏళ్లతరబడి అక్కడే నిలిచిపోయింది. ఇక కౌలుదారు సంగతి? దున్నింది అతనైనా ఒప్పందం పట్టాదారుతోనే.

ఎందుకిలా జరిగింది? నక్షాలో సర్వే నంబరు ఉంటుంది, కూలి ఉండదు. కృష్ణ ఒడ్డు జరీబులో అరటి, కూరగాయలు ఏడాది పొడుగునా పని పెట్టేవి. పొలం లెక్కకొచ్చింది, ఆ పనిదినాలు లెక్కకు రాలేదు.

పక్కనే సచివాలయానికి అయిదు టవర్లు లేస్తున్నాయి. డిజైను లండన్‌కు చెందిన ఫోస్టర్ సంస్థది. ఉక్కు కమ్మీలను ఏటవాలుగా, బుట్ట అల్లినట్టు బిగించే పద్ధతి. దానికి వెల్డర్లు, ఫిట్టర్లు కావాలి. కలుపు తీసిన చేతులకు ఆ పని రాదని తోసెయ్యడం తేలిక. నేర్పించడం సర్కారు బాధ్యత.

కాబట్టి అడగవలసినవి ఇవి. నేల అంతస్తులోనే కూలీల అర్జీలు తీసుకుని రసీదు ఇవ్వాలి. పింఛను జాబితా ఊరూరా గోడకు అంటించి, తప్పిపోయిన పేర్లు చేర్చాలి. పింఛనును కూలిరేటుతో పాటు పెంచాలి. నిర్మాణ పనుల్లో 29 గ్రామాల కూలీలకు శిక్షణ, మొదటి అవకాశం ఇవ్వాలి.

అర్జీలు ఒక్కొక్కరుగా కాదు, ఊరంతా కలిసి పట్టుకెళ్లండి. ఒంటరిగా పోతే గేటు దగ్గరే ఆపుతారు.