ఫోటో తీస్తే గుర్తున్నట్టేనా?

"చేతిలో ఫోనుండగా ఇంకా పెన్నూ పుస్తకమూ ఎందుకండీ?" తిరువూరులో ఎరువుల కొట్టు దగ్గరా, కాలేజీ బస్సులోనూ ఈ మాట తరచూ వినపడుతోంది. చేత్తో రాయడం ఆలస్యమట. కాగితం పోతే అంతా పోయినట్టేనట. పైగా అది పాతకాలపు అలవాటట. ఈ మూడు మాటలూ పైకి సబబుగానే ఉంటాయి. నిలదీస్తే మాత్రం నిలబడవు.

మొదటిది ఆలస్యం. పాఠం అయ్యాక బోర్డును ఫోటో తీయడానికి ఒక్క క్షణం చాలు, నిజమే. కానీ ఆ క్షణంలో విద్యార్థి బుర్రకు పనేమీ తగల్లేదు. చెయ్యి ఎప్పుడూ నోటంత వేగంగా నడవదు. అందుకే రాసేవాడు ఏది ముఖ్యమో, ఏది వదిలేయాలో అక్కడికక్కడే తేల్చుకోక తప్పదు. ఆ తేల్చుకోవడమే చదువు.

2014లో అమెరికాలో ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే పరిశోధకులు ఈ సంగతినే పరీక్షించారు. ల్యాప్‌టాప్‌లో టైపు చేసుకున్నవారు ఎక్కువ మాటలు ఎక్కించుకున్నారు గానీ, అవి చాలావరకు విన్నవి విన్నట్టే. అర్థాన్ని అడిగే ప్రశ్నల్లో చేత్తో రాసుకున్నవారే మెరుగయ్యారు. 2019లో మరో బృందం ఇదే పరీక్షను మళ్లీ చేస్తే అంత తేడా స్పష్టంగా కనపడలేదు. ఆ సంగతి దాచను. పెన్ను పట్టుకున్నంత మాత్రాన మార్కులు రాలవు. విన్నదాన్ని సొంత మాటల్లోకి తెచ్చుకున్నప్పుడే లాభం, ఆ పనికి చేతిరాత మనల్ని నెడుతుంది. 2024లో వెలువడిన నార్వే పరిశోధనలో 36 మంది విద్యార్థుల మెదళ్లను గమనిస్తే, టైపు చేసేటప్పటికన్నా రాసేటప్పుడు మెదడు భాగాల మధ్య అనుసంధానం బాగా ఎక్కువగా కనిపించింది. అక్కడ వాళ్లు రాసింది కాగితం మీద కాదు, డిజిటల్ పెన్నుతో తెర మీద. కాబట్టి తగువు కాగితానికీ కరెంటుకీ మధ్య కాదు. అక్షరాన్ని గీసే వేళ్లకూ, మీట నొక్కే వేలికీ మధ్య.

రెండోది, కాగితం పోతుందన్న భయం. చెద పడుతుంది, వానకు తడుస్తుంది, ఒప్పుకుంటాను. అయితే ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చేదాకా దారి పొడుగునా చూసినవి రాసుకుంటూ వెళ్లారు. ఆ రాతలు 1838లో అచ్చయ్యాయి. ఇన్నేళ్ల తర్వాతా చదువుతున్నాం. మన ఫోన్లలో వేల ఫోటోలున్నాయి. పోయిన ఏడాది తీసినవాటిలో ఎన్నింటిని మళ్లీ తెరిచి చూశాం? దొరకని వస్తువు ఉన్నా లేనట్టే. భద్రం కావాలంటే రాసిన పేజీని ఫోటో తీసి దాచుకోండి. ముందు రాయండి.

మూడోది, పాతకాలపు అలవాటన్న మాట. మన చుట్టూ ఉన్నవి పత్తి చేలు, మిరప చేలు, మామిడి తోటలు. మందుల కొట్టు బిల్లు ఫోటోలో ధర ఉంటుంది, తేదీ ఉంటుంది. ఆ మందు ఏ చేనికి కొట్టామో, ఎకరానికి ఎంత పోశామో, మర్నాడు వాన పడిందో లేదో, పురుగు తగ్గిందో లేదో అందులో ఉండదు. అది రైతు రాసుకుంటేనే ఉంటుంది. నిరుటి పేజీ పక్కన ఈ ఏటి పేజీ పెట్టి చూసుకుంటే, అనవసరంగా కొట్టిన మందు ఎంతో తనకే తెలుస్తుంది. పత్తి తీతకు వచ్చినవాళ్ల పేర్లూ కిలోలూ పుస్తకంలో ఎక్కించి సాయంత్రం అందరి ఎదుటా చదివితే, కూలి దగ్గర తగాదాకు తావుండదు. ఇంటి ఖర్చూ అంతే. ఎవరికి ఎంత వెళ్లిందో ఫోన్ చెబుతుంది. ఎందుకు వెళ్లిందో, అవసరమా కాదా అన్నది మనం రాసుకోవాల్సిందే. ఇది పాతకాలం కాదు, నేటి జాగ్రత్త.

ఫోను వద్దని నేననడం లేదు. దాచడానికీ పంపడానికీ దాన్ని మించింది లేదు. కానీ దాచడం వేరు, తెలుసుకోవడం వేరు. ఈ రెంటినీ ఒకటే అనుకోవడమే అసలు పొరపాటు.

ఈ సీజనుకు ఒక నోటుపుస్తకం కొనండి. రాత్రి పడుకునే ముందు అయిదు వరుసలు చాలు: ఏం చేశాం, ఎంతయింది, రేపేం చేయాలి. పంట ఇల్లు చేరేనాటికి ఆ పుస్తకం తెరిచి చూడండి. అప్పుడు చెప్పండి, పెన్నూ పుస్తకమూ ఎందుకో.