ఎటు పోతావని అడగడానికి వెళ్ళిన సంఘం

కొరియా యుద్ధంలో సంధి మాటలు 1951 జూలైలో మొదలైతే, సంతకాల దాకా వచ్చేసరికి 1953 జూలై 27 అయింది. ఆ రెండేళ్ళూ ఒకపక్క మాటలు సాగుతున్నాయి, ఇంకోపక్క మనుషులు చస్తున్నారు. ఉత్తర దక్షిణాల మధ్య గీత ఎక్కడ గీయాలన్నది పెద్ద చిక్కు కాలేదు, 1951 నవంబరుకే దానిమీద ఒక అంగీకారం కుదిరింది. మిగిలిన కాలంలో అధికభాగాన్ని మింగేసింది వేరే ప్రశ్న. పట్టుబడ్డ సైనికుడు "నేను నా దేశానికి తిరిగి పోను" అంటే ఏం చెయ్యాలి?

చట్టం చూస్తే సందేహానికి తావులేదు. యుద్ధం ఆగగానే ఖైదీలను విడిచి స్వదేశానికి పంపాలన్నది 1949 జెనీవా ఒప్పందంలోని 118వ అధికరణం. ఎక్కడికి వెళ్ళాలో ఖైదీనే ఎంచుకోనివ్వాలన్న ప్రతిపాదన ఆనాడే వచ్చింది గాని, దాన్ని సాకుగా చేసుకుని ఖైదీలను అట్టే పెట్టేసుకుంటారేమోనన్న భయంతో తోసిపుచ్చారు. చైనా, ఉత్తర కొరియాలు ఆ అధికరణాన్నే పట్టుకు కూర్చున్నాయి. ఇష్టంలేనివాణ్ణి బలవంతాన పంపబోమని అమెరికా భీష్మించింది. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. ఇద్దరికీ ప్రచారం మీద యావ కూడా ఉంది. శత్రువు సైనికులు వేలకొద్దీ "మా దేశం మాకొద్దు" అంటే అంతకన్నా పెద్ద విజయం యుద్ధరంగంలో ఎక్కడ దొరుకుతుంది!

ఈ ముడి విప్పే దారి చూపింది భారతదేశం. వి.కె. కృష్ణ మీనన్ నడిపించిన తీర్మానాన్ని 1952 డిసెంబరు 3న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 54 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకించినవారు ఐదుగురే, కాకపోతే ఆ ఐదుగురూ సోవియట్ కూటమి వాళ్ళు. చైనా కూడా కాదన్నది. 1953 మార్చిలో స్టాలిన్ పోయాక గాలి మారింది. జూన్ 8న కుదిరిన ఒడంబడిక చాలామేరకు ఆ భారత తీర్మానపు అచ్చులోనే ఉంది. స్వీడన్, స్విట్జర్లాండు, పోలండు, చెకొస్లొవేకియా, భారతదేశం సభ్యులుగా తటస్థ దేశాల ఖైదీల అప్పగింత సంఘం ఏర్పడాలి. ఇందులో మొదటి రెండూ ఒకవైపు మొగ్గుతాయనీ, తరవాతి రెండూ ఇంకోవైపు మొగ్గుతాయనీ అందరికీ తెలుసు. కనుక అధ్యక్షుడైన భారతదేశం ఓటే తీర్పు. ఖైదీలకు కాపలా కాయవలసిందీ భారత సైన్యమే.

అధ్యక్షుడిగా వెళ్ళినవాడు లెఫ్టినెంట్ జనరల్ కె.ఎస్. తిమ్మయ్య, కొడగు మనిషి. కాపలా దళానికి నాయకుడు మేజర్ జనరల్ థోరాట్. దళంలో దాదాపు ఆరువేలమంది. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ, భారత సైనికుడెవడూ తన గడ్డమీద అడుగుపెట్టరాదని శాసించాడు. (ఈయనే జూన్ 18న, సంధిని చెడగొట్టే ఉద్దేశంతో, తన కావలిలో ఉన్న పాతికవేల పైచిలుకు ఖైదీలను రాత్రికి రాత్రి వదిలేసిన మహానుభావుడు.) దాంతో ఇంచోన్ తీరాన ఓడల మీదనుంచే అమెరికా హెలికాప్టర్లు మనవాళ్ళను ఎత్తి, నేల తగలకుండా, రెండు సైన్యాల నడుమ నిస్సైనిక మండలంలో దించాయి. శాంతికోసం వెళ్ళినవాళ్ళకు దక్కిన స్వాగతం అది. ఆ శిబిరానికి మనవాళ్ళు హింద్ నగర్ అని పేరు పెట్టుకున్నారు.

దక్షిణంవైపు నుంచి అప్పగించిన "వెళ్ళం" అనే ఖైదీలు 22,604 మంది. అందులో 14,704 మంది చైనావాళ్ళు, 7,900 మంది కొరియన్లు. ఉత్తరంవైపు నుంచి వచ్చినవాళ్ళు 359 మంది, వారిలో 23 మంది అమెరికన్లు, ఒక ఆంగ్లేయుడు. తొంభై రోజుల గడువులో వారి వారి దేశాల ప్రతినిధులు వచ్చి ఒక్కొక్కరితో మాట్లాడి, ఇంటికి రమ్మని నచ్చజెప్పవచ్చు. ఒక గుడారం, నచ్చజెప్పేవాళ్ళు, దుబాసీలు, ఐదు దేశాల సభ్యులు, ఇరుపక్షాల పరిశీలకులు. ఖైదీ అంతా విన్నాక ఒక వాకిలిగుండా వెళితే ఇల్లు, ఇంకో వాకిలిగుండా వెళితే మళ్ళీ ముళ్ళకంచె.

కాగితం మీద ఇంతకన్నా న్యాయమైన ఏర్పాటు ఉండదనిపిస్తుంది. అసలు జరిగింది వేరు. ఖైదీల కొట్టడులు ఒక్కొక్కటీ ఒక్కో చిన్న రాజ్యం. వాటికి నాయకులున్నారు, శిక్షలున్నాయి, బయటినుంచి అందే ఆదేశాలున్నాయి. చాలామంది చైనా ఖైదీల ఒంటిమీద కమ్యూనిస్టు వ్యతిరేక నినాదాలు పచ్చపొడిచి ఉన్నాయి. కొన్ని ఇష్టపడి పొడిపించుకున్నవి, కొన్ని పట్టి పొడిచినవి. అలాంటి ఒంటితో ఇంటికి తిరిగి వెళ్ళడమెలా? వెళ్ళాలనుకున్నవాడు రాత్రివేళ కంచె దాటి భారత సైనికుడి దగ్గరికి పరుగెత్తాల్సిందే. దొరికితే తోటి ఖైదీల చేతిలో చావు. అలా చచ్చినవాళ్ళున్నారు. గుడారాలకు పిలిస్తే కొట్టడులకు కొట్టడులే రామన్నాయి. వచ్చిన రోజుల్లో కొందరు చెవులు మూసుకున్నారు, కొందరు పాటలందుకున్నారు, కొందరు నచ్చజెప్పేవారిమీద కలియబడ్డారు. అవతలివాళ్ళూ తక్కువ తినలేదు, ఒక్కొక్క ఖైదీని గంటలకొద్దీ కూర్చోబెట్టి విసిగించారు. తొంభై రోజుల్లో ఈ పని జరిగింది పది రోజులే. మూడువేల పైచిలుకు మందిని మాత్రమే ప్రశ్నించగలిగారు.

అక్టోబరు తొలి రెండు రోజుల్లోనే, కంచెలు తోసుకు వస్తున్న ఖైదీల మీద భారత సైనికులు కాల్పులు జరిపారు, ఖైదీలు చనిపోయారు. అక్టోబరు 1న ఇక్కడ కర్నూలులో ఆంధ్రరాష్ట్రం అవతరించింది. మనవాళ్ళ జ్ఞాపకంలో ఆ తేదీకి ఇంకేదీ అంటకపోవడం సహజమే.

ఇక్కడే వచ్చింది అసలు పరీక్ష. రామన్న ఖైదీలను బలవంతాన గుడారాలకు లాక్కురావాలని పోలండు, చెకొస్లొవేకియా పట్టుబట్టాయి. లాక్కొస్తే మేం లేచిపోతామన్నది స్విట్జర్లాండు. తిమ్మయ్య బలప్రయోగానికి ఒప్పుకోలేదు. ఆ నిరాయుధులతో తలపడితే వందలమంది చావడం ఖాయమని అతనికి తెలుసు. ఇష్టమేమిటని అడగడానికి శవాలు లేపడమేమిటి? ఈ నిర్ణయాన్ని తప్పుపట్టినవాళ్ళు ఆనాడూ ఉన్నారు, తరవాతా ఉన్నారు. కొట్టడి నాయకుల రౌడీరాజ్యానికి భారతదేశం తలొగ్గిందన్నది వారి వాదం. నేనా వాదాన్ని కొట్టిపారెయ్యను. బలం వాడకపోవడం వల్ల భయస్తుడైన ఖైదీకి నష్టమే జరిగింది. అయినా నిర్ణయం సరైనదేనంటాను. ఎందుకంటే ఆ సంఘం అక్కడితో ఊరుకోలేదు.

డిసెంబరులో ఇచ్చిన మధ్యంతర నివేదికలో భారత, పోలండు, చెకొస్లొవేకియా సభ్యులు, దక్షిణ శిబిరాల్లోని ఖైదీలు ఒత్తిడికి అతీతంగా తమ ఇష్టం చెప్పగలిగారని తాము నిర్ధారించలేమన్నారు. స్వీడన్, స్విస్ సభ్యులు విడిగా ఇంకో నివేదిక ఇచ్చారు. నా దృష్టిలో ఆ సంఘం మొత్తం కృషిలో విలువైనది ఈ ఒప్పుకోలే. ఇరవైరెండువేలమంది స్వేచ్ఛగా కమ్యూనిజాన్ని కాదన్నారని ఒక ముద్ర వేసి ఇచ్చి ఉంటే అమెరికా నెత్తిన పెట్టుకునేది. అంతా బలవంతమేనని రాసి ఉంటే చైనా సంబరపడేది. మాకు తెలియనిదాన్ని తెలిసినట్టు రాయమన్నందుకు ఇద్దరూ మొహం చిట్లించారు. మధ్యవర్తి ఇద్దరికీ సగం సగం పంచిపెట్టాలనుకోవడం మన ఊరి రచ్చబండల నుంచి అంతర్జాతీయ సభల దాకా ఉన్న అలవాటు. తిమ్మయ్య సంఘం సగాలు పంచలేదు.

1954 జనవరిలోనూ అదే పట్టు. గడువు ముగిశాక ఖైదీల భవితవ్యం ఒక రాజకీయ సమావేశం తేల్చాలి, ఆ సమావేశం జరగనేలేదు. జరగకుండా వారిని పౌరులుగా ప్రకటించే అధికారం తమకు లేదని, కలకాలం కంచెలో ఉంచే అధికారమూ లేదని చెప్పి, జనవరి 20 నుంచి ఎవరి ఖైదీలను వారికే తిరిగి అప్పగించడం మొదలుపెట్టారు. అమెరికన్లు వెంటనే విడిచిపెట్టారు, చైనా ఖైదీలు తైవాను చేరారు. ఉత్తరంవైపు మాత్రం తమవారిని తిరిగి తీసుకోబోమని కొన్నాళ్ళు బిగదీసుకుంది. అటు ఉండిపోతామన్న 21 మంది అమెరికన్లలో ఎక్కువమంది తరవాతి ఏళ్ళలో ఇంటిదారే పట్టారు. ఇటు చైనాకు తిరిగి వెళ్ళిన ఖైదీలలో ఎందరో, పట్టుబడడమే నేరమన్నట్టు, సాంస్కృతిక విప్లవం దాకా అవమానాలు పడ్డారు. తమ దేశం తమను ఇలా ఆదరిస్తుందని ఏ గుడారంలోనూ ఎవరూ వారికి చెప్పలేదు. నచ్చజెప్పినవాళ్ళు చెప్పినదాంట్లో అతి పెద్ద అబద్ధం అదే.

ఇదంతా చదువుతూంటే నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించేది ఈ అంకెలన్నిటిలోకీ చిన్న అంకె. రెండు వాకిళ్ళలో ఏదీ వద్దన్నవాళ్ళు 88 మంది, 76 మంది కొరియన్లు, 12 మంది చైనావాళ్ళు. తటస్థ దేశానికి పంపమన్నారు. కొరియా రచయిత చోయ్ ఇన్‌హున్ 1960లో రాసిన 'చౌరస్తా' నవల ఇలాంటి ఒకడి కథే. అందులో కథానాయకుడు భారతదేశానికి వస్తున్న ఓడమీదనుంచి సముద్రంలో కలిసిపోతాడు. ఆ ఓడకు రచయిత పెట్టిన పేరు ఠాగూరు! నవల గొప్పదే, కాని కథలో చావు తేలిక. అసలువాళ్ళ ఓడ పేరు అస్టూరియాస్. 1954 ఫిబ్రవరిలో దానిమీద మన దళంతో పాటే మద్రాసులో దిగారు. భాష రాదు, చుట్టాల్లేరు, చేతిలో పాస్‌పోర్టు లేదు. వారిని ఏం చెయ్యాలో మన ప్రభుత్వానికీ వెంటనే తోచలేదు. రెండేళ్ళు ఎదురుచూశాక ఎక్కువమంది 1956లో బ్రెజిల్ వెళ్ళారు, మరికొందరు అర్జెంటీనా చేరారు. కొద్దిమంది వెనక్కే వెళ్ళారు. వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతమంది ఇక్కడే ఉండిపోయి, ఇక్కడే బతుకుతెరువు వెతుక్కున్నారు.