ఊడిపోయే పన్నుకి క్యాపెందుకు?

"ఎలాగూ ఊడిపోయే పన్నే కదా డాక్టర్‌గారూ, పీకేయండి!" పిల్లల పళ్లు చూసే నాకు రోజుకి ఒక్కసారైనా ఈ మాట వినపడుతుంది. ముందు పళ్లయితే నిజమే, ఆరేడేళ్లకి ఊడతాయి. కానీ దవడ పాలపళ్లు పదీ పన్నెండేళ్ల దాకా ఉండాలి. ఐదేళ్ల పాపకి ఆ పన్నుతో ఇంకా ఐదారేళ్లు పనుందన్నమాట.

మొన్న వచ్చిన బాబు కొన్ని నెలలుగా ఒక పక్కే నములుతున్నాడు. ఇంట్లోవాళ్లు తిండి దగ్గర మారాం అనుకున్నారు. చూస్తే రెండో పక్క చిగురు మీద చీము పొక్కు!

పాలపన్ను వేళ్ల దగ్గరే అసలు పన్ను తయారవుతుంటుంది. అక్కడ చీము చేరితే వచ్చే పన్ను మీద మచ్చలు, గుంటలు పడొచ్చు. తొందరపడి పీకేస్తే, ఆరో ఏట వచ్చే పెద్ద దవడ పన్ను బస్సులో సీటు ఖాళీ అయినట్టు ముందుకి జరిగిపోతుంది. తర్వాత రావాల్సిన పన్నుకి చోటుండదు. అందుకే పీకక తప్పకపోతే, ఆ ఖాళీని కాపాడే తీగ లాంటి స్పేస్ మెయింటెయినర్ పెడతాం.

పిప్పి పైపైన ఉంటే ఫిల్లింగ్ చాలు. నరం పైభాగం వరకే పాకితే అంతమేరకే తీసి మందు పెడతాం. వేళ్ల దాకా పాడైతే రూట్ కెనాల్. పిల్లలకి ఇందులో నింపేది వేరుతో పాటే కరిగిపోయే పేస్టు, పెద్దవాళ్లకి పెట్టేది కాదు. పైన స్టీల్ క్యాప్. టైమొచ్చినప్పుడు పన్ను క్యాప్‌తో సహా ఊడొస్తుంది. నొప్పి, చీము లేని పిప్పికైతే ఇంజెక్షన్, డ్రిల్లు లేకుండానే క్యాప్ తొడిగే హాల్ టెక్నిక్ కూడా ఉంది. సిల్వర్ ఫ్లోరైడ్ మందు పూసినా పిప్పి చాలావరకు ఆగుతుంది, కాకపోతే మచ్చ నల్లబడుతుంది. (ఫొటోల్లో బాగోదని వద్దనేవాళ్లే ఎక్కువ!)

నాకు ఒళ్లు మండేది ఒక్క విషయానికే. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేసి, నొప్పి తగ్గిందని ఊరుకోవడం. పొక్కు పగిలితే నొప్పి తగ్గుతుంది, జబ్బు పన్నులో అలాగే ఉంటుంది. చెంప వాచి జ్వరమొచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా, వాపు కంటి దాకా పాకినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ రాత్రే ఫోన్ టార్చ్ వేసి, పైపెదవి ఎత్తి చూడండి. చిగురు అంచున సుద్దలాంటి తెల్లగీత కనిపిస్తే పిప్పి అప్పుడే మొదలవుతోందని. ఈ దశలో ఫ్లోరైడ్‌తో వెనక్కి మళ్లించొచ్చు. మూడేళ్లలోపు వాళ్లకి బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠానీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. రాత్రి బ్రష్ అయ్యాక మాత్రం పాలసీసా ఇవ్వకండి.